మన కన్ను దేనిని వెదకుచున్నది?

ఉల్లిపొర వంటి పలుచని పొర యొకదానిని గూర్చి మాటలాడుటకై దేశదేశముల నుండి పండితులు ఒకచోట కూడి, ఉదయము మొదలుకొని రాత్రి ప్రొద్దుపోవువరకు దినముల తరబడి చర్చించుదురని చెప్పినయెడల మన గ్రామములలో కొందరు నవ్వవచ్చును. అయినను అది వాస్తవము. అమెరికా దేశమందు 1912లో ఏర్పడిన ఫాసెబ్ అను జీవశాస్త్ర సంఘముల సమాఖ్య యొకటి కలదు. అది నడిపించిన సభలలో ఒకదాని పేరు రెటీనా నాడీజీవశాస్త్రము, దృష్టి ప్రక్రియ అని. రెటీనా యనగా కంటి లోపల వెనుకగోడను అంటుకొనియున్న పొర. దాని మందము అర మిల్లీమీటరుకు మించదు. ఇట్టి సభలలో కూడువారి ప్రశ్నలు వినుటకు మాత్రము చిన్నవే. వెలుగు కంటిలో పడినప్పుడు ఏమి జరుగును? ఏ వార్త మెదడుకు చేరును? ఏ వార్త దారిలోనే విడిచిపెట్టబడును?

ఈ కడపటి ప్రశ్న సువార్త చదువు మనలను నిలువరింపవలసిన ప్రశ్న. యెరికో త్రోవలో కొట్టబడి పడియున్న మనుష్యుని యాజకుడును చూచెను, లేవీయుడును చూచెను. చూడలేదని లూకా వ్రాయలేదు. వారు కండ్లార చూచియే దారి మార్చుకొని నడిచిరి. వారి కండ్లకు ఏ రోగమును లేదు, పట్టపగలు నడిచినవారే. ఆ వెలుగే, ఆ దేహమే, ఆ రక్తమే సమరయుని కంటను కూడ పడెను. మరి ముగ్గురును చూచినది ఒక్కటేనా?

పూర్వులు కన్నును కిటికీతో పోల్చిరి. తరువాతివారు ఫోటో తీయు పెట్టెతో పోల్చిరి. మన పాఠశాలలలో ఈ రెండవ పోలికయే ఇంకను చెప్పుచున్నారు. ముందు కటకము, వెనుక ఫిలిము. ఈ పోలిక కటకము వరకే సరిపోవును. రెటీనా ఫిలిము కాదు. అది నిజమునకు మెదడులో ఒక భాగమే. తల్లి గర్భమందు శిశువు ఏర్పడునప్పుడు మెదడు నుండి ముందుకు మొలిచి కంటిలోనికి వచ్చిన భాగము. స్పెయిను దేశపు కహాల్ అను పండితుడు సూక్ష్మదర్శినితో దాని కణముల వరుసలను చూచి, చేతితో బొమ్మలు గీసి లోకమునకు చూపెను. ఆయనకు 1906లో నోబెల్ బహుమానము వచ్చినది.

ఒక్కొక్క కంటిలో వెలుగును పట్టుకొను దండ కణములు సుమారు 9 కోట్లు, శంకు కణములు 40 లక్షలకు పైబడి యుండును. అయితే కంటి నుండి మెదడుకు పోవు దృక్ నాడిలోని తంతులు సుమారు 10 లక్షలు మాత్రమే. అనగా వందమంది చూచినదానిని ఇంచుమించు ఒక్కడు జాబు వ్రాసి పంపవలెను. ఆ ఒక్కడు ఏమి వ్రాయును? 1953లో కఫ్లర్ అను శాస్త్రజ్ఞుడు పిల్లి కంటిని పరీక్షించి దీనికి కొంత జవాబు కనుగొనెను. గుర్రపునాడా పీత కంటిలో హార్ట్‌లైన్ అంతకు ముందే ఇట్టిదానిని కనుగొనియుండెను. ఆయన 1967లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమానము పొందెను. వారు కనుగొన్న సంగతి మన మాటలో చెప్పవలెనన్న ఇట్లుండును. పొలమంతయు పచ్చగానే యున్నదని కన్ను పదే పదే వ్రాయదు. గట్టు ఎక్కడ నున్నదో వ్రాయును. తేడా ఉన్నచోటునే అది వార్తగా ఎంచును.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోయెదను. రెటీనాలో వెలుగును పట్టు కణములు అన్నిటికంటె వెనుక నున్నవి. వెలుగు మిగిలిన పొరలను దాటి వాటిని చేరవలెను. ఇది తలక్రిందులైన పని గనుక సృష్టికర్త లేడని కొందరు వాదింతురు. ఆ పొరలలోని ముల్లర్ కణములు వెలుగును గొట్టముల వలె వెనుకకు చేరవేయునని 2007లో తేలినప్పుడు మనవారిలో కొందరు గెలిచితిమని సంతోషించిరి. నాకైతే ఈ రెండును తొందరపాటుగానే తోచుచున్నవి. పండితుల వచ్చే సభలో మారదగిన దానిమీద మన విశ్వాసపు ఇంటిని కట్టుకొననేల? నేను వెదకుచున్నది వేరు.

1959లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమందు లెట్విన్, మతురానా, మెక్కల్లక్, పిట్స్ అను నలుగురు కప్ప కంటిని గూర్చి ఒక వ్యాసము ప్రచురించిరి. కప్ప కంటి నుండి మెదడుకు పోవు తంతులలో కొన్ని, నల్లనిదై చిన్నదై కదలుచున్న వస్తువు ఎదుటికి వచ్చినప్పుడే గట్టిగా పలుకునని వారు చూచిరి. ఈగ యన్నమాట! కప్ప చుట్టును అప్పుడే చచ్చిన ఈగలు రాశిగా పడియున్నను, అవి కదలనియెడల కప్పకు అవి ఆహారము కావు. అన్నము నడుమ కూర్చుండి ఆకలితో చచ్చును. దాని కడుపునకు అక్కరయైనది ఏదో, మెదడు ఆలోచింపక మునుపే దాని కన్ను ఏరిపెట్టుచున్నది.

మన వారపు సంతలో ఒక ఘడియ నిలువబడి చూడుడి. ఎద్దుల బేరగాడు ఎద్దు నోరు తెరచి పండ్లు చూచును. వడ్డీవ్యాపారి స్త్రీల చెవులను, మెడలను చూచును. కుమారుడు ఇల్లు విడిచి పోయిన తల్లి, ఆ దారిని నడచు ప్రతి పడుచువాని నడకను చూచును. సంత ఒక్కటే. కప్పను చూచి మనము నవ్వనక్కరలేదు.

బి.యస్సీ. చదువుచున్న యువకుడొకడు సెలవులకు మా ఊరికి వచ్చి ఈ సంగతులు నాతో మాటలాడుచు ఇట్లడిగెను. "అయ్యగారూ, మనము తలంచకమునుపే కన్ను ఏరివేయుచున్నదని తేలినది గదా. అట్లయితే ఆ యాజకుని మీద దోషమెందుకు మోపవలెను? వాని నరములు అట్లు పనిచేసినవి, అంతే గదండీ?" ఈ ప్రశ్న వాడు ఎగతాళిగా అడుగలేదు. ఇది చిన్న ప్రశ్నయు కాదు. దోషము లేదన్నయెడల క్షమాపణకు పని లేదు. క్షమాపణకు పని లేనిచోట సిలువ ఎందుకు?

శరీరము చూచును, ఆత్మ నిర్ణయించును, కాబట్టి తప్పు ఆత్మదే యని చెప్పి వానిని పంపివేయవచ్చును. అనేక ప్రసంగములలో ఈ జవాబే విందుము. అది చాలదు. ఆత్మ యెదుట పెట్టబడినదే తక్కువైనప్పుడు ఆత్మ దేనిని నిర్ణయించును? నేను వానితో, "నాయనా, కన్ను ఏరుచున్నదనుట నిజమే. అయితే ఏమి ఏరవలెనో దానికి నేర్పుచున్నది ఎవరో చూతము" అని చెప్పి, మాస్కోలో పనిచేసిన యార్బస్ అను ఆయన పరీక్షను వానికి వివరించితిని.

మన రెటీనా నడుమ పచ్చచుక్క యను చిన్న తావు కలదు. చేయి చాచి పట్టుకొన్న బొటనవ్రేలి గోరంత మేరనే మనము స్పష్టముగా చూడగలము, తక్కినదంతయు మసకయే. కాబట్టి కన్ను క్షణమునకు ఇంచుమించు మూడుసార్లు అటునిటు ఎగురుచు, తనకు కావలసినదాని మీద ఆ చిన్న తావును నిలుపుచుండును. ఈ ఎగురుటలను యార్బస్ గీతలుగా వ్రాసి చూపెను. ఆయన పుస్తకము 1967లో ఇంగ్లీషున వెలువడినది. రష్యా చిత్రకారుడైన రేపిన్ వేసిన పటమొకటి ఆయన ఎదుట పెట్టెను. చాలాకాలము ప్రవాసములో నుండిన మనుష్యుడొకడు, ఎవరును ఎదురుచూడని వేళ, తన ఇంటి గదిలోనికి అడుగుపెట్టుచున్నట్టు ఆ పటములో నున్నది. ఈ కుటుంబము కలిగినదా, పేదదా యని అడిగినప్పుడు చూచువాని కండ్లు బట్టల మీదికిని, గదిలోని సామానుల మీదికిని పోయెను. వీరి వయస్సులెంత అని అడిగినప్పుడు ముఖముల మీదికే పోయెను. ఈయన ఎన్నాళ్లకు ఇంటికి వచ్చెనో చెప్పుమనినప్పుడు, వచ్చినవాని ముఖము నుండి పిల్లల ముఖములకును, తల్లి ముఖమునకును తిరుగుచుండెను. అదే మనుష్యుడు, అదే పటము, అవే కండ్లు. మారినది ప్రశ్న మాత్రమే.

ఇప్పుడు లూకా 10వ అధ్యాయము మరల తెరువుడి. ప్రభువు ఆ కథ చెప్పినది ఎవనికి? తన పొరుగువారి లెక్కలో ఎవరెవరు వచ్చుదురో తేల్చమని అడిగిన ధర్మశాస్త్ర పండితునికి. ఆ ప్రశ్నతో త్రోవను పోవువాని కన్ను ఎక్కడ వ్రాలును? పడియున్నవాడు ఏ కులమువాడు, ఏ ఊరివాడు, మనవాడా పైవాడా, చచ్చినవాడైతే ముట్టినందున మైల వచ్చునా? కన్ను వీటి ఆనవాళ్లను వెదకును. బట్టలు దోచుకొనబడినవాని మీద అవి కనబడవు గనుక, కన్ను వానిని విడిచి ముందుకు పోవును. ప్రభువు కథ ముగించి ఆ పండితునికి జవాబు చెప్పలేదు; వాని ప్రశ్ననే త్రిప్పివేసెను. ఆ ముగ్గురిలో గాయపడినవానికి పొరుగువాడుగా నిలిచినది ఎవరని ఆయనే వానిని అడిగెను. మనము దీనిని బోధకుని మాటల నేర్పుగా ఎంచి దాటిపోవుదుము. నా మట్టుకు, ఆ ప్రశ్న మారుటలోనే వైద్యమున్నదని తోచుచున్నది. పొరుగువాడు కాగోరినవాని కన్ను రక్తము ఎక్కడ కారుచున్నదో వెదకును.

కాబట్టి యాజకునికి ఆ నిమిషమందు ఆలోచించు వ్యవధి లేకపోయిన లేకపోవచ్చును. ఆ నిమిషము కొరకు వాని కన్ను ఎన్నో ఏండ్లుగా తయారగుచుండెను. ఏ ప్రశ్నను మోసికొని దినదినము లోకములో తిరుగుచున్నామో, దానికి మనము లెక్క అప్పగింపవలసినవారము. ఆ యువకుడు వెంటనే ఒప్పుకొనలేదు. మరి ఆ ప్రశ్నను కూడ తండ్రితాతలే నేర్పినయెడల ఏమని అడిగెను. నేర్పిన మాట నిజమే. మన పల్లెలలో పిల్లవాడు అక్షరములు నేర్వకమునుపే ఎవరిని చూచి ఎక్కడ చూపు దించవలెనో నేర్చుచున్నాడు. అయినను నేర్చినది మానుకొనవచ్చునని సంఘములో ఎన్నోమార్లు చూచియున్నాము.

మీలో ఎవరైనను ఇంటివద్ద చేసి చూడదగిన పరీక్ష యొకటి కలదు. తెల్లకాగితము మీద రెండు మిరియపు గింజలను ప్రక్కప్రక్కగా, నాలుగు వ్రేళ్ల వెడల్పు ఎడముగా పెట్టుడి. ఎడమకన్ను మూసి, కుడికంటితో ఎడమప్రక్క గింజనే చూచుచు, ముఖమును మెల్లగా క్రిందికిని పైకిని జరుపుడి. జానెడుకు కొంచెము మించిన దూరమున కుడిప్రక్క గింజ మాయమగును! దృక్ నాడి కంటి నుండి వెలుపలికి పోవుచోట వెలుగును పట్టు కణములు లేవు. దానిని అంధచుక్క అందురు. ఫ్రాన్సు దేశపు మారియట్ దీనిని 1660వ దశకమున కనుగొనెను. గింజ మాయమగుటకంటె ఆశ్చర్యమైనది మరియొకటి. ఆ తావున నల్లని గుంట యేదియు మనకు కనబడదు. మెదడు చుట్టునున్న తెలుపుతో దానిని కప్పివేయును. అక్కడ ఏమియు లేదని మనకు నిశ్చయముగా తోచును.

అంధచుక్క ఉండుట పాపము కాదు. మహాపండితునికిని అది ఉండును, చంటిబిడ్డకును ఉండును. యోహాను 9వ అధ్యాయములో ప్రభువు పరిసయ్యులను గద్దించినది వారు చూడలేనందుకు కాదు. చూడగలమని వారు పట్టుపట్టినందుకు. నా కంటికి కనబడలేదు గనుక అక్కడ ఏమియు లేదని సాక్ష్యమిచ్చుట వేరొక సంగతి. ఆమె ఏడ్చుట నేను చూడలేదు గనుక ఆమెకు దుఃఖము లేదు. వారిని వెనుక బల్లమీద కూర్చుండబెట్టినట్లు నాకు తెలియదు గనుక మన సంఘములో భేదము లేదు. ఇట్టి సాక్ష్యము మన పెద్దల కూటములలో ఎన్నిసార్లు విన్నాము!

అంధచుక్క కుడికంటికి కుడిప్రక్కను, ఎడమకంటికి ఎడమప్రక్కను ఉండును. ఒకదానికి కనబడనిది రెండవదానికి కనబడును. అందుచేతనే రెండు కండ్లు తెరచినప్పుడు గింజ మరల కనబడుచున్నది. సంఘ సభలలో స్త్రీలు మాటలాడినప్పుడును, కూలికి పోవువారు మాటలాడినప్పుడును విసుగుకొను పెద్దలు ఈ పరీక్షను ఒకసారి చేసి చూచిన బాగుండును.

ఇంకొక సంగతి చెప్పవలెను. మనము ఒక వస్తువును తదేకముగా చూచుచున్నామని తలంచినప్పుడును కన్ను సన్నగా వణకుచునే యుండును. 1952లో ఇంగ్లండులో డిచ్‌బర్న్, గిన్స్‌బోర్గ్ అనువారు కంటికి అంటుకొను చిన్న కటకమును ఉపయోగించి, కన్ను ఎటు కదలినను బొమ్మయు దానితోకూడ కదలునట్లు చేసిరి. కొన్ని క్షణములలో బొమ్మ వెలిసిపోయెను! కన్ను మూయలేదు, వెలుగు ఆరలేదు. మారనిదాని మీద కంటికి వార్త లేకపోయెను, అంతే. ఇరువది ఏండ్లుగా గుడి తలుపు ప్రక్కనే కూర్చుండు విధవరాలు మనకు కనబడకపోవుటకు ఇంతకంటె వేరే కారణము వెదకనక్కరలేదు. క్రొత్తగా వచ్చిన అతిథి కండువా రంగు మనకు జ్ఞాపకముండును. ఆమె చీర చినిగి ఎన్ని నెలలైనదో ఎవరును చెప్పలేరు. చూపు వెలిసిపోకుండుటకు కన్ను కదలుచుండవలెను గదా. ఆ విధవరాలి ఇంటికి నడచిపోయి గడపలో నిలువబడినప్పుడు ఆమె మరల కనబడును.

చిన్నప్పుడు చూపు నేర్వని కన్ను పెద్దయైన తరువాత నేర్చునా? 1963లో హ్యూబెల్, వీజల్ అనువారు పిల్లికూనల కన్నొకటి కొన్నాళ్లు మూసి కుట్టి, తరువాత తెరచిరి. కన్ను బాగుగానే యున్నను, మెదడు దాని వార్తను పుచ్చుకొనుట మానివేసెను. పెద్దపిల్లికి అట్లు కాలేదు. నోరులేని జీవులను అట్లు చేయుట నా మనస్సునకు కష్టముగానే యున్నది, ఆ మాట దాచను. అయితే శుక్లముతో పుట్టిన బిడ్డకు మొదటి మాసములలోనే శస్త్రచికిత్స చేయవలెనను తొందర వైద్యులకు కలుగుటకు ఈ పని మిక్కిలి తోడ్పడినది. వారికి 1981లో నోబెల్ బహుమానము వచ్చినది.

ఇది విని, ఆలస్యమైనవారికి ఆశ లేదని కొందరు అనుకొనిరి. మన దేశమందు పావన్ సిన్హా అను శాస్త్రజ్ఞుడు 2005లో ప్రకాశ్ అను పేరుతో మొదలుపెట్టిన పనిలో, పుట్టుకతో శుక్లములు గల బీదపిల్లలకు ఢిల్లీలో శస్త్రచికిత్స చేయించిరి. 2011లో వెలువడిన పరీక్షలో 8 ఏండ్లు మొదలు 17 ఏండ్ల వయస్సుగల ఐదుగురు ఉండిరి. ఒక బొమ్మకట్టెను చూడకుండ చేతితో తడిమించి, ఈ రెండింటిలో నీవు తడిమినది ఏదని కంటికి చూపిరి. వారు చెప్పలేకపోయిరి. చేతికి తెలిసినది కంటికి తెలియలేదు. అయితే కొద్ది దినములలోనే మరల పరీక్షించినప్పుడు వారిలో కొందరు బాగుగా చెప్పగలిగిరి. తక్కిన మనుష్యులంత నిశితమైన చూపు ఇట్టి పిల్లలకు రాలేదు. ఎదుటివాని ముఖమును గుర్తుపట్టుట వంటివి కష్టముగా నేర్చిరి. నేర్చుట మాత్రము ఆగలేదు.

బేత్సయిదాలోని గ్రుడ్డివానిని గూర్చి మార్కు 8వ అధ్యాయములో చదువుచున్నాము. ప్రభువు మొదట అతని కండ్లను తాకి, ఏమైనను అగుపడుచున్నదా యని అడిగెను. మనుష్యులు కదలాడు మ్రాకులవలె అగుపడిరని అతడు ఉన్నదున్నట్లు చెప్పెను. బాగుగా కనబడుచున్నదని చెప్పి, మర్యాదకు తల ఊపి వెళ్లిపోలేదు. అప్పుడు ప్రభువు రెండవమారు చేతులుంచెను. వ్యాఖ్యాతలు ఈ రెండవమారును గూర్చి చాలా తర్జనభర్జనలు పడిరి. ఆయన శక్తికి ఒకమారు చాలలేదా యని. చూపు వచ్చుటయు, మనుష్యుని మనుష్యునిగా చూచుటయు రెండు పనులని ప్రకాశ్ పిల్లలను ఎరిగిన తరువాత నాకు ఆ తర్కము అక్కరలేదని తోచినది. మన మధ్య బాప్తిస్మము పొంది ఏండ్లు గడచినను తోటి మనుష్యులు మ్రాకులవలె అగుపడువారు లేరా? రెండవమారు తాకుమని అడుగుటలో సిగ్గేమున్నది?

కడపట మన ఇండ్లలోని సంగతి యొకటి. దండ కణములు ఎంత సున్నితమైనవనగా, వెలుగులో ఇంతకంటె చిన్నది లేదనదగిన ఒక్క కణికను సహితము ఒక్కొక్కటి గుర్తింపగలదు. అయితే ఆ కణములలోని రంగుపదార్థము తయారగుటకు ఏ విటమిను కావలెను. అది రెటీనాలో ఉన్నదని జార్జి వాల్డ్ 1933లో కనుగొనెను. 1967 బహుమానములో ఆయనయు పాలివాడే. ఈ విటమిను చాలనప్పుడు మొదట వచ్చునది రేచీకటి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన పరిశోధన ఆధారముగా, పిల్లలకు ఆరు నెలలకొకసారి ఏ విటమిను పోయు పని 1970లో దేశమందు ఆరంభమైనది. తొమ్మిదవ నెల మొదలుకొని ఐదేండ్లు నిండువరకు దానిని పోయుచున్నారు. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు, గ్రుడ్డు మన ఊళ్లలో దొరకనివి కావు. సాయంకాల ఆరాధనకు వచ్చునప్పుడు ఏ బిడ్డ గుమ్మము తడిమికొని నడచుచున్నదో, దీపము వెలిగింపకమునుపు ఎవరు గోడ పట్టుకొనుచున్నారో స్త్రీల సమాజమువారు గమనించి, ఆ బిడ్డను ఆ వారములోనే అంగన్‌వాడీకి గాని ఆరోగ్యకేంద్రమునకు గాని తీసికొనిపోవలెనని కోరుచున్నాను. మందు ఊరకనే ఇచ్చెదరు.